క్రైమ్, హారర్ నవలలకూ పుస్తకాల పుటలో చోటివ్వండి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. మీ ఆదివారం సంచికలోని పుస్తకాల పుటను నేను ఇరవై ఏళ్లుగా విడవకుండా చదువుతున్నాను. కవితా సంపుటాలు, కథా సంకలనాలు, విమర్శ గ్రంథాలు, ఆత్మకథలు, అప్పుడప్పుడు అనువాదాలు అక్కడ సమీక్షకు నోచుకుంటున్నాయి. కానీ ఒక అపరాధ పరిశోధక నవలకు గానీ, ఒక హారర్ నవలకు గానీ ఆ పుటలో నిండు సమీక్ష వచ్చినట్టు నాకు గుర్తులేదు. వస్తే ‘అందిన పుస్తకాలు’ శీర్షిక కింద పేరు, పుటల సంఖ్య, వెల వస్తాయి, అంతే. నేను కూడా ఆ కోవ నవలలే రాస్తాను కనుక ఇది నా సొంత గోడులా కనిపించే ప్రమాదం ఉంది. అందుకని ఈ ఉత్తరంలో నా పుస్తకాల గురించి ఒక్క ముక్క కూడా రాయను. ఇదే పని చేస్తున్న తోటి రచయితలు, అందులోనూ నేను ఎన్నడూ కలవనివాళ్లు, ఈ మధ్య కాలంలో రాసిన కొన్ని నవలల గురించి మీ పాఠకులకు చెప్పాలని, ఇలా చెప్పుకునే వీలు మీ పుటలో నెలకొకసారైనా ఉండాలని అడగటానికి రాస్తున్నాను.

నా చిన్నప్పుడు మా ఊరి బస్టాండు ఎదురు సందులో అద్దెకు పుస్తకాలిచ్చే షాపు ఒకటి ఉండేది. రోజుకు అర్ధరూపాయి. అట్టలు చిరగకుండా షాపాయన ఖాకీ కాగితం అతికించి, దాని మీద ఎర్రసిరాతో నంబరు వేసేవాడు. అందువల్ల లోపలికి తెరిచేదాకా అది ఎవరి నవలో తెలిసేది కాదు. ఒకసారి అమ్మ కోసం నేను తెచ్చిన డిటెక్టివ్ నవలకు చివరి ఎనిమిది పుటలు లేవు. డిటెక్టివు అందరినీ హాల్లో కూర్చోబెట్టి, హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడని చెప్పిన చోట పుస్తకం ఆగిపోయింది. ఆ రాత్రి అమ్మ చేటలో బియ్యం ఏరుతూ కథంతా మొదటినుంచీ మళ్లీ చెప్పుకొచ్చింది. హత్య జరిగిన రోజు వంటింట్లో పాలు పొంగిపోయి పొయ్యి ఆరిపోయిందని మూడో ప్రకరణంలో ఒక్క వాక్యం ఉందట. నేను దాన్ని చదివి కూడా మరిచిపోయాను. పాలు పొంగేదాకా వంటమనిషి పొయ్యి దగ్గర లేడంటే ఎక్కడికి వెళ్లినట్టు అని అమ్మ అడిగింది. ఆ నవల పూర్తి ప్రతి మాకు ఆ తర్వాత ఎప్పుడూ దొరకలేదు. నా వరకు అమ్మ చెప్పినదే దాని ముగింపు.

అమ్మ అయిదో తరగతితో చదువు ఆపేసిన మనిషి. ఒక వాక్యాన్ని అంత జాగ్రత్తగా చదవటం, దాన్ని వంద పుటల తర్వాత గుర్తుకు తెచ్చుకోవటం, మనుషుల మాటకూ చేతకూ మధ్య ఉన్న తేడాను పట్టుకోవటం ఆమెకు నేర్పింది ఆ నవలలే. ఇంత శ్రద్ధగా చదివించగలిగిన రచనను ‘కాలక్షేపం’ అని పక్కకు నెట్టటం నాకు ఏనాడూ సబబుగా తోచలేదు.

మన దగ్గర ఈ రచనకు పునాది లేదని ఎవరూ అనలేరు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్‌నూ, అతని సహాయకుడు రాజునూ సొంత మనుషుల్లా తలుచుకునే పాఠకులు ఇప్పటికీ ఉన్నారు. మధుబాబు గారి షాడో నవలల కోసం అద్దె షాపుల్లో వంతులు పడేవి. ‘సమగ్ర ఆంధ్ర సాహిత్యం’ రాసిన ఆరుద్ర గారే డిటెక్టివ్ నవలలు కూడా రాశారు, అందువల్ల ఆయన గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘తులసిదళం’ ఆంధ్రభూమి వారపత్రికలో ధారావాహికగా వచ్చినప్పుడు ఇళ్లలో ఆ సంచిక ఎవరు ముందు చదవాలన్న దాని మీద తగువులు జరిగేవి. ఆ తర్వాత వారపత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి, అద్దె షాపులు మూతపడ్డాయి, హత్య మిస్టరీలు చూడదలచినవాళ్లు ఓటీటీకి వెళ్లిపోయారు. అయినా ఈ నవలలు రాయటం మాత్రం ఆగలేదు. కుర్రవాళ్లు రాస్తున్నారు, ఉద్యోగాలు చేసుకుంటూ రాస్తున్నారు, అచ్చు ఖర్చు తామే పెట్టుకుని అయిదు వందల ప్రతులు వేసుకుంటున్నారు. విజయవాడ, హైదరాబాదు పుస్తక ప్రదర్శనల్లో ఆ పుస్తకాల ముందు నిలబడి, ఏది మంచిదో చెప్పేవాళ్లు లేక, అట్ట మీద బొమ్మ చూసి తిరిగి పెట్టేసేవాళ్లను నేను కళ్లారా చూశాను. వారపత్రిక ఉన్న రోజుల్లో ఆ ఎంపిక సంపాదకుడు చేసేవాడు. అద్దె షాపు ఉన్న రోజుల్లో షాపాయన, ఇది తీసుకెళ్లమ్మా, బాగుంది అని చేతిలో పెట్టేవాడు. ఇప్పుడు ఆ మాట చెప్పవలసినవాళ్లు తోటి రచయితలే అని నా అభిప్రాయం.

ఇది కొత్త ఆచారమేమీ కాదు. ఇంగ్లండులో క్లైవ్ బార్కర్ అనే కుర్రవాడి తొలి కథలు 1980లలో వచ్చినప్పుడు, అప్పటికే పేరు మోసిన అమెరికా హారర్ రచయిత స్టీఫెన్ కింగ్, హారర్ సాహిత్యపు భవిష్యత్తు ఇతడేనన్న అర్థం వచ్చే మాట బహిరంగంగా అన్నాడు. ఆ ఒక్క మాట బార్కర్‌ను ఎన్నో దేశాల పాఠకుల దగ్గరకు చేర్చింది. అదే కింగ్ 2023లో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఎస్.ఎ.కాస్బీ అనే నల్లజాతి రచయిత క్రైమ్ నవల ‘ఆల్ ది సిన్నర్స్ బ్లీడ్’ను సమీక్షించాడు. ఒక దినపత్రిక తన పుటను ఒక హారర్ రచయితకు ఇచ్చి, ఒక క్రైమ్ నవల గురించి రాయించింది. నేను మిమ్మల్ని అడుగుతున్నది కూడా అచ్చంగా ఇదే.

ఇక పుస్తకాల సంగతి. అన్నిటికంటే ముందు నేను చదవమని చెప్పేది స్టీఫెన్ గ్రాహం జోన్స్ రాసిన ‘ది ఓన్లీ గుడ్ ఇండియన్స్’. ఇది 2020లో వచ్చింది. జోన్స్ అమెరికాలోని బ్లాక్‌ఫీట్ తెగకు చెందినవాడు, కొలరాడో విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతాడు. ఈ నవలకు హారర్ రచనలకు ఇచ్చే బ్రామ్ స్టోకర్ పురస్కారం వచ్చింది. కథకు మూలం మోంటానా రాష్ట్రంలోని బ్లాక్‌ఫీట్ రిజర్వేషన్‌లో, అంటే ఆ తెగకు కేటాయించిన భూభాగంలో, జరిగిన ఒక వేట. నలుగురు స్నేహితులు, థాంక్స్‌గివింగ్ పండుగకు ముందు శనివారం నాడు, తెగ పెద్దలకు మాత్రమే వేటాడే హక్కున్న చోటికి దొంగతనంగా వెళ్లి, ఎల్క్ అనే పెద్ద జాతి దుప్పుల మంద మీద విచక్షణ లేకుండా కాల్పులు జరుపుతారు. చచ్చిన వాటిలో ఒకటి చూడి దుప్పి. అది ఎంతకీ ప్రాణం విడవదు. దాన్ని చంపిన లూయిస్, దానిలో ఏ భాగాన్నీ వృథా పోనివ్వనని దానికే మాట ఇస్తాడు. పదేళ్ల తర్వాత ఆ మాట అతన్ని వెతుక్కుంటూ వస్తుంది.

ఆ రావటం ఎలా జరిగిందో చూడండి. లూయిస్ తన ఇంటి హాల్లో నిచ్చెన ఎక్కి, మినుకు మినుకుమంటున్న లైటును సరిచేస్తుంటాడు. కింద సీలింగ్ ఫ్యాను తిరుగుతోంది. పై నుంచి కిందికి చూసినప్పుడు, తిరుగుతున్న ఫ్యాను రెక్కల సందుల్లోంచి, తివాచీ మీద ఆ దుప్పి పడుకుని కనిపిస్తుంది. రెక్కలు అడ్డు లేకుండా నేరుగా చూస్తే అక్కడ ఏమీ ఉండదు. ఇంతకు మించి అక్కడ ఏమీ జరగదు. రక్తం లేదు, కేక లేదు, నల్లపిల్లి లేదు. ఆ పుట చదివిన రాత్రి నేను మంచం మీద వెల్లకిలా పడుకుని మా ఇంటి ఫ్యాను వంక చూడలేకపోయాను. సీలింగ్ ఫ్యాను లేని తెలుగు ఇల్లు ఉండదు కదా, ఆ భయం మనకు అమెరికావాళ్లకంటే ఎక్కువ తగులుతుంది. మొదటి వంద పుటల్లో కథనం కొంత తికమక పెడుతుందన్న మాట కూడా దాచకుండా చెప్పాలి. ఎవరు ఎవరో తెలియటానికి ఓపిక పట్టాలి. అయితే చివర ఒక ఆడపిల్ల బాస్కెట్‌బాల్ ఆడే ఘట్టం దగ్గరకు వచ్చేసరికి ఆ ఓపికంతా వడ్డీతో సహా తిరిగి వస్తుంది.

ఈ నవల మన రచయితలు ప్రత్యేకంగా చదవాలని అనటానికి నాకు ఇంకొక కారణం ఉంది. మన హారర్ నవలల్లో చాలావాటిలో భయం అడవి నుంచో, గూడెం నుంచో, ఊరి చివర ఒంటరిగా ఉండే ముసలమ్మ గుడిసె నుంచో వస్తుంది. మంత్రగాడు గిరిజనుడై ఉంటాడు, బాధపడే కుటుంబం పట్నంలో మేడలో ఉంటుంది. మరోపక్క బాణామతి, చేతబడి, చిల్లంగి చేశారన్న అనుమానంతో నిరుపేదలను చెట్టుకు కట్టి కొట్టిన, కొట్టి చంపిన వార్తలు మీ పత్రిక జిల్లా పుటల్లోనే వస్తుంటాయి. కథల వల్లనే అవి జరిగాయని నేను అనను. కానీ భయాన్ని ఎటువైపు చూపిస్తున్నామో మా వృత్తివారమంతా ఆలోచించుకోవాలని మాత్రం గట్టిగా అంటాను. జోన్స్ పుస్తకంలో గిరిజనుడు బయటివాళ్లను భయపెట్టే బొమ్మ కాదు. అతనికి ఇంటి అద్దె, ఉద్యోగం, తాగుడు, స్నేహితులు, తప్పు చేసి దాచిన జ్ఞాపకం, అన్నీ ఉన్నాయి. భయపడేది అతనే. అతని భయాన్ని రాసినవాడు కూడా ఆ తెగవాడే. భద్రాచలం వైపు నుంచో, ఉట్నూరు వైపు నుంచో ఒక కోయ యువకుడు, ఒక గోండు యువతి తమ గూడెం భయాలను తామే హారర్ నవలగా రాసిన రోజున మన సాహిత్యంలో ఈ విభాగం రూపమే మారిపోతుందని నా నమ్మకం.

జోన్స్ 2025లో రాసిన ‘ది బఫెలో హంటర్ హంటర్’ ఇంకా బరువైనది. ఒక పాత ఇంటి గోడలో దొరికిన పాస్టరు డైరీ రూపంలో కథ నడుస్తుంది. 1912లో ఆ పాస్టరు దగ్గరకు గుడ్ స్టాబ్ అనే బ్లాక్‌ఫీట్ మనిషి వచ్చి తన గతాన్ని విడతలు విడతలుగా చెబుతాడు. అతడు రక్తం తాగి బతికే జీవి. అయితే ఆ కథ వెనక నిజంగా జరిగిన రక్తపాతం ఒకటి ఉంది. 1870 జనవరి 23న మరియాస్ నది ఒడ్డున, మశూచితో బాధపడుతున్న బ్లాక్‌ఫీట్ గుడారాల మీద అమెరికా సైన్యం దాడి చేసి రెండు వందల మంది దాకా చంపింది. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. పుస్తకం చదివాక, రక్తపిశాచి ఎవరు అన్న ప్రశ్నకు వేరే జవాబు తోచక తప్పదు.

క్రైమ్ నవలల్లో నేను ముందుగా చెప్పేది కాస్బీ పేరే. పైన చెప్పిన నవల కన్నా ముందు, 2021లో ఆయన రాసిన ‘రేజర్‌బ్లేడ్ టియర్స్’ నాకు ఎక్కువ నచ్చింది. వర్జీనియాలో ఒక నల్లజాతి యువకుడూ ఒక తెల్లజాతి యువకుడూ ఒకరినొకరు పెళ్లి చేసుకుని, ఒక పాపను పెంచుకుంటూ ఉంటారు. ఆ ఇద్దరినీ ఎవరో నడిరోడ్డు మీద కాల్చి చంపుతారు. పోలీసుల దర్యాప్తు ముందుకు సాగదు. అప్పుడు ఆ ఇద్దరి తండ్రులు కలుస్తారు. ఇద్దరూ జైలుకు వెళ్లి వచ్చినవాళ్లే. ఒకడు తోటపని వ్యాపారం చేసుకునే ఐక్, రెండోవాడు ట్రెయిలర్ ఇంట్లో తాగుతూ రోజులు నెట్టే బడ్డీ లీ. ఆ తండ్రుల్లో ఏ ఒక్కడూ కొడుకు బతికి ఉండగా ఆ పెళ్లిని ఒప్పుకోలేదు. కొడుకుల సమాధి రాయిని ఎవరో పగలగొట్టి బూతులు రాశారని తెలిశాక వాళ్లు హంతకుల వేట మొదలుపెడతారు. పైకి చూస్తే ఇది పగ కథ, కొట్లాటలకు కొదవలేదు. ఉపమానాలు కూడా అవసరానికి మించి ఉన్నాయి, పేరాకు ఒకటి చొప్పున తగులుతాయి. కానీ లోపల ఉన్నది, బతికున్న రోజుల్లో కొడుకుతో మాట్లాడని తండ్రి అతను పోయాక ఎవరితో మాట్లాడాలో తెలియక పడే యాతన.

పరువు పేరిట కన్నవాళ్లే పిల్లలను చంపించిన కేసుల వార్తలు చదివి, ఆ తండ్రి మర్నాడు ఇంట్లో అన్నం ఎలా తిని ఉంటాడు అని ఆలోచించే తెలుగు పాఠకులకు ఈ నవల దూరదేశపు కథలా అనిపించదు. మన దగ్గర ఆ నేరాల మీద వార్తలు వచ్చాయి, సినిమాలు వచ్చాయి. ఆ తండ్రి మనసులోకి దిగి రాసిన క్రైమ్ నవల కోసం నేను వెతుకుతూనే ఉన్నాను. కాస్బీ 2025లో ‘కింగ్ ఆఫ్ యాషెస్’ అనే నవల కూడా ప్రచురించాడు. శవాలను దహనం చేసే కొలిమి నడుపుకునే కుటుంబం చుట్టూ అల్లిన కథ అది. మనకు శ్మశానం ఊరి బయట ఉండేది, వాళ్లకు అది కుటుంబ వ్యాపారం. ఆ తేడా కోసమైనా చదవవచ్చు.

ఇక మరో దక్షిణాది రాష్ట్రం మాట. కేరళలో కూడా వారపత్రికల్లో డిటెక్టివ్ ధారావాహికలు ఒక వెలుగు వెలిగిన కాలం ఉంది. మనకు కొమ్మూరి వారు ఎలాగో వాళ్లకు కొట్టాయం పుష్పనాథ్ అలాగ. ఆయన 2018లో కన్నుమూశారు. అదే ఏడాది లాజో జోస్ అనే కొత్త రచయిత ‘కాఫీ హౌస్’ అనే నవలతో వచ్చాడు. ఎస్తేర్ ఇమ్మాన్యుయేల్ అనే యువతి అందులో పరిశోధకురాలు. ఆ తర్వాత మలయాళంలో క్రైమ్ నవలలకు మళ్లీ గిరాకీ పెరిగింది, కొత్త రచయితలు బయలుదేరారు. లాజో జోస్ రాసిన ‘రూతింటె లోకం’ ఆధారంగా 2024లో అమల్ నీరద్ దర్శకత్వంలో ‘బోగన్‌విలియా’ సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్లు కథ తెలిసిపోయిందని నవలను వదిలేయకూడదని నా మనవి.

నాకు మలయాళం రాదు. చెన్నైలో ఉండే మలయాళీ స్నేహితురాలు ఒకామె, రాత్రి భోజనాలయ్యాక, రోజుకొక ప్రకరణం చొప్పున ఆ నవలను ఫోనులో చదివి నాకు అర్థం చెప్పింది. ప్రమాదంలో జ్ఞాపకశక్తి దెబ్బతిన్న గృహిణి కథ అది. ఊళ్లో ఆడపిల్లలు మాయమవుతుంటారు, పోలీసులు వచ్చి ఆమెను అడుగుతారు. తాను నిజంగా చూసిందేదో, ఊహించుకున్నదేదో ఆమెకే తెలియదు. ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో, ఎవరు ఎప్పుడు వచ్చి వెళ్లారో ఆమెకు భర్త చెబితేనే తెలుస్తుంది. ఒక ఆడమనిషి తన ఇంటి గురించి తనకు తెలిసినదాన్ని కూడా ఇంకొకరి నోటి నుంచి వినవలసి రావటంలో ఎంత భయం ఉందో మా స్నేహితురాలి గొంతులోనే నాకు తెలిసింది. కొన్ని చోట్ల ఆమె చదవటం ఆపి, కాసేపు ఏమీ మాట్లాడేది కాదు.

తెలుగులో రాస్తున్న నా తోటివాళ్ల పేర్లు ఈ ఉత్తరంలో ఎందుకు లేవని మీ పాఠకులు అడగవచ్చు. వాళ్లలో చాలామంది నాకు తెలిసినవాళ్లు, నా రాతప్రతులు చదివి సలహాలు చెప్పినవాళ్లు. వాళ్లను పొగిడి మీకు ఉత్తరం రాస్తే అది ప్రచారమవుతుంది తప్ప సిఫారసు కాదు. మన పుస్తకావిష్కరణ సభల్లో ఒకరినొకరు ఆకాశానికెత్తుకునే ఉపన్యాసాలు విని విని పాఠకులు పొగడ్తను నమ్మటం మానేశారు. అందుకే నేను కోరే శీర్షికకు కొన్ని కట్టుబాట్లు ఉండాలి. రాసేవాళ్లకు ఆ పుస్తక రచయితతో పరిచయం ఉంటే ఆ విషయం మొదటి వాక్యంలోనే చెప్పాలి. ఈ నెల ఒకరు ఇంకొకరి పుస్తకం గురించి రాస్తే, వచ్చే నెల ఆ రెండోవారు మొదటివారి గురించి రాయటానికి వీల్లేదు. పుస్తకంలో నచ్చనిదేదో ఒక్కటైనా చెప్పాలి. పుస్తకం ఎక్కడ దొరుకుతుందో, ఎంత వెలో తప్పక ఇవ్వాలి, ఎందుకంటే సొంత ఖర్చుతో వేసుకున్నవాళ్ల పుస్తకాలు పెద్ద షాపుల్లో ఉండవు. సొంత ప్రచురణ కదా అని వాటిని పక్కన పెట్టకూడదు.

ఇందుకు మీరు పుట అంతా కేటాయించనక్కర్లేదు. నెలలో ఒక ఆదివారం, అర కాలమ్ చాలు. కవిత్వానికో, విమర్శకో ఇస్తున్న చోటును తగ్గించమని కూడా నేను అడగటం లేదు. ‘అందిన పుస్తకాలు’ జాబితాలోంచి ఆ నెలకు ఒక నవలను పైకి తీస్తే సరిపోతుంది. మీరు సరేనంటే, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ఈ నవలలు రాస్తున్నవాళ్లను సంప్రదించి, మొదటి ఆరు నెలలకు రాసేవాళ్లను కూడగట్టే బాధ్యత నేను తీసుకుంటాను. పారితోషికం ఇవ్వలేకపోయినా రాస్తారు. ఆ ఆరు నెలల్లో నా పుస్తకం గురించి ఎవరూ రాయకుండా చూసే పూచీ కూడా నాదే.

ఒక్క చిన్న విన్నపం. ఎవరు రాసినా, ఎంత మెచ్చుకున్నా, చివరి ఎనిమిది పుటల్లో ఏముందో మాత్రం అచ్చు వేయవద్దు.

ఇట్లు,
భవదీయురాలు,
ఒక నవలా రచయిత్రి,
తెనాలి